రేపటి పాటల పెట్టె ఎలా ఉంటుంది?



పాట గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతుంది. పాడేవారు ఆపిన మరుక్షణం అది మనకు వినబడదు. అలా కరిగిపోయే ధ్వనిని పట్టి దాచుకోవాలని, కావలసినప్పుడు మళ్లీ వినాలని, వెళ్లిన చోటికల్లా వెంట తీసుకొనిపోవాలని మనిషి ఎంతోకాలం కోరుకున్నాడు. ఆ కోరిక నుండి పుట్టినవే గ్రామఫోను, టేపు రికార్డరు, వాక్‌మన్, ఐపాడ్, నేటి సెల్‌ఫోన్. ఈ వరుసలో ఇకముందు రాబోయే పరికరం ఎలా ఉంటుంది? అందులో ఏయే సదుపాయాలు ఉంటాయి? ఈ వ్యాసంలో దానిని ఊహించి చూద్దాం.

ఊహించడమంటే గాలిలో మేడలు కట్టడం కాదు. ఊహకు కూడా ఒక పద్ధతి ఉంది. పాత పరికరాల చరిత్రను జాగ్రత్తగా పరిశీలిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి కొత్త పరికరమూ దాని ముందున్న పరికరంలోని ఏదో ఒక ఇబ్బందిని తొలగించడానికే పుట్టింది. కాబట్టి రేపటి పరికరాన్ని ఊహించాలంటే "నాకు ఏది కావాలి?" అని మాత్రమే అడిగితే చాలదు. "నేటి పరికరంలో ఇంకా మిగిలి ఉన్న ఇబ్బంది ఏది?" అని అడగాలి.

ఇబ్బందులే మెట్లు

1877లో అమెరికాకు చెందిన థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫు అనే యంత్రాన్ని తయారుచేశాడు. తిరిగే గొట్టంపై చుట్టిన తగరపు రేకు మీద సూది గీసిన గీతలే ధ్వనికి గుర్తులు. కొన్నిసార్లు వినగానే ఆ రేకు అరిగిపోయేది. 1887లో ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు బల్లపరుపుగా ఉండే పళ్లెం మీద ధ్వనిని ముద్రించే పద్ధతి కనిపెట్టాడు. ఒక అచ్చు నుండి అనేక పళ్లేలను తీయవచ్చు. అదే గ్రామఫోను. అయితే నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. 1948లో వచ్చిన ఎల్.పి. రికార్డులో ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. నిడివి సమస్య తీరింది. కాని గ్రామఫోనును చేతపట్టుకొని నడుస్తూ వినడం సాధ్యం కాదు. కొంచెం కదిలితే చాలు, సూది పక్కకు జారిపోతుంది.

1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును తీసుకువచ్చింది. సూది లేదు, గీతలు లేవు. అయస్కాంతపు పొడి పూసిన సన్నని పట్టీ మీద ధ్వని నిలుస్తుంది. కదిలినా జారదు. 1979 జూలై 1న జపానులో సోనీ సంస్థ మొదటి వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. దాని బరువు సుమారు 390 గ్రాములు. రెండు చిన్న బ్యాటరీలతో పనిచేసేది. ఇద్దరు కలిసి వినడానికి వీలుగా దానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉండేవి. నారింజ రంగు మీట ఒకటి నొక్కితే పాట చప్పుడు తగ్గి, పక్కనున్నవారి మాట చిన్న మైకు ద్వారా చెవిలో వినబడేది. ఈ నారింజ మీటను గుర్తుంచుకోండి, దాని గురించి మళ్లీ చెప్పుకుందాం.

క్యాసెట్టుతో వచ్చిన ఇబ్బంది, కోరిన పాటను వెదకడం. ఐదవ పాట కావాలంటే ముందున్న నాలుగు పాటల పట్టీనంతా తిప్పాలి. 1982లో వచ్చిన సి.డి. ఆ ఇబ్బందిని తొలగించింది. కాంతికిరణం నేరుగా కోరిన పాట దగ్గరకే వెళ్లగలదు. కాని నడుస్తూ వింటే కిరణం గురి తప్పి పాట తెగిపోయేది. తిరిగే పళ్లెం ఉన్నంతకాలం ఈ బాధ పొంచి ఉంటుంది. తిరిగే భాగమే లేని పరికరం కావాలి. అంటే పాటను అంకెలుగా మార్చి, చిన్న చిప్పులో దాచాలి.

లెక్క వేసి చూద్దాం

సి.డి.లో ధ్వనిని ఎలా దాస్తారో తెలుసా? ఒక్క సెకనులో ధ్వనిని 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాస్తారు. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి చొప్పున రెండు వరుసలు. ఈ అంకెలన్నింటికీ నిమిషానికి పది మెగాబైట్లకు పైగా చోటు కావాలి. నాలుగు నిమిషాల పాటకు సుమారు 42 మెగాబైట్లు.

1998లో కొరియా నుండి వచ్చిన ఎంపీమ్యాన్ అనే తొలి చిప్పు పరికరంలో ఉన్న చోటు 32 మెగాబైట్లు. అంటే సి.డి.లో ఉన్న పాట ఒక్కటి కూడా అందులో పూర్తిగా పట్టదు! అయినా అందులో ఎనిమిది పాటలు దాచగలిగారు. ఎలా?

ఇక్కడ ఇంజనీర్లు యంత్రాన్ని కాక మనిషి చెవిని పరిశీలించారు. ఒక పెద్ద ధ్వని మోగే క్షణంలో, దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న చిన్న ధ్వని మన చెవికి వినబడదు. వినబడని దానిని దాచడం ఎందుకు? దానిని వదిలివేస్తే పాట పరిమాణం పదకొండవ వంతుకు తగ్గుతుంది. నాలుగు నిమిషాల పాట నాలుగు మెగాబైట్లలో ఇమిడిపోతుంది. ఈ పద్ధతి పేరే ఎంపీ3. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు దీనిని రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించారు.

2001 అక్టోబరు 23న ఆపిల్ సంస్థ ఐపాడ్‌ను ప్రకటించింది. 5 గిగాబైట్ల చోటు, వెయ్యి పాటలు, పది గంటల బ్యాటరీ, సుమారు 185 గ్రాముల బరువు. ఇరవై ఏళ్ల తరువాత, 2022 మే నెలలో ఐపాడ్ తయారీని ఆపివేస్తున్నట్లు ఆ సంస్థయే ప్రకటించింది. అప్పటికి దాని పనిని సెల్‌ఫోన్ చేసిపెడుతోంది.

నేడు బొటనవేలి గోరంత కార్డులో 1 టెరాబైటు, అనగా పది లక్షల మెగాబైట్లు పడుతున్నాయి. అందులో నాలుగు మెగాబైట్ల పాటలు రెండున్నర లక్షలు దాచవచ్చు. నిద్రాహారాలు మాని విన్నా అవి ముగియడానికి 694 రోజులు పడుతుంది! కాబట్టి "రేపటి పరికరంలో ఇంకా ఎక్కువ పాటలు పడతాయి" అని ఊహిస్తే అది నిజమే అవుతుంది గాని, దానివల్ల మనకు కలిగే మేలు తక్కువ. చోటు అనే ఇబ్బంది తీరిపోయింది. మిగిలిన ఇబ్బందులు వేరే ఉన్నాయి.

ముందే ఊహించిన యువకుడు

ఆ ఇబ్బందులను చూసే ముందు ఒక ఊహ కథ తెలుసుకోవాలి. వాక్‌మన్ పుట్టిన 1979లోనే బ్రిటన్‌లో కేన్ క్రామర్ అనే యువకుడు ఒక పరికరాన్ని ఊహించి బొమ్మ గీశాడు. జేబులో పడుతుంది, ముందువైపు చిన్న తెర ఉంటుంది, లోపల తిరిగే భాగం ఒక్కటీ ఉండదు, పాట చిప్పులో ఉంటుంది. పాటలు దుకాణాలకు టెలిఫోను తీగల ద్వారా వస్తాయని కూడా ఊహించాడు. ఐపాడ్‌కు ఇరవై రెండేళ్ల ముందు మాట ఇది!

అయితే ఆనాటి చిప్పులో పట్టినది మూడున్నర నిమిషాల సంగీతమే. దానిని లక్షలాదిగా తయారుచేసి అమ్మగల కాలం ఇంకా రాలేదు. పేటెంటును కొనసాగించడానికి కావలసిన ధనం సమకూరక, 1988లో ఆ హక్కు ఆయన చేజారిపోయింది.

ఈ కథ రెండు సంగతులు నేర్పుతుంది. మంచి ఊహ అప్పటికి అసాధ్యంగా కనబడినంత మాత్రాన తప్పు కాదు. అయితే ఊహ ఫలించాలంటే దానికి కావలసిన సామగ్రి కూడా సిద్ధం కావాలి. అందువల్ల రేపటి పరికరం గురించి చెప్పుకునేటప్పుడు ప్రతి గుణాన్నీ "ఇప్పటికే మొదలైనది", "కొద్ది కాలంలో రాదగినది", "ఇంకా దూరంలో ఉన్నది" అని వేరుచేసి చూడాలి.

విద్యుత్తు

నేటి పరికరాలన్నీ లిథియం అయాన్ బ్యాటరీలతో పనిచేస్తున్నాయి. వీటిని 1991లో సోనీ సంస్థ మొదటిసారి మార్కెట్టులోకి తెచ్చింది. వీటి రూపకల్పనకు గాను 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చిప్పులో పట్టే చోటు వేల రెట్లు పెరిగింది. బ్యాటరీ శక్తి మాత్రం అంత వేగంగా పెరగలేదు. చిప్పు మీది గీతలను చిన్నవి చేసేకొద్దీ ఎక్కువ సమాచారం పడుతుంది. బ్యాటరీ అలా కాదు. ఎంత పదార్థం ఉంటే అంత శక్తి.

చేతి కదలికతోనే తిరిగే గడియారాలు మనకు ఎప్పటినుండో ఉన్నాయి. అదేవిధంగా నడకతో, ఒంటి వేడితో, సూర్యకాంతితో నిండే పరికరం వస్తుందా? వస్తుంది గాని, ఒంటి వేడి నుండి లభించే విద్యుత్తు చాలా స్వల్పం. చెవిలో చిన్నగా పాడే పరికరానికి అది కొంత సాయపడవచ్చు. పెద్ద తెర మీద బొమ్మలు చూపడానికి చాలదు. ఇది "ఇంకా దూరంలో ఉన్నది".

దగ్గరలో రానున్నది మరొకటి ఉంది. బ్యాటరీ పాడైతే పరికరాన్నే పారవేయడం నేటి అలవాటు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుండి అక్కడ అమ్మే చిన్న పరికరాలలో చాలావాటి బ్యాటరీలను వాడుకరులే మార్చుకొనేలా తయారుచేయాలి. కొత్త గుణమంటే ఎప్పుడూ కొత్త యంత్రమే కానక్కరలేదు. పాతదానిని ఎక్కువకాలం వాడుకోగలగడం కూడా గొప్ప గుణమే.

చెవి

పాటల పెట్టెకు చెవే చివరి భాగం. మన చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. అందులో ధ్వనిని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. గట్టి శబ్దానికి అవి దెబ్బతింటే, మనుషులలో మళ్లీ మొలవవు. పెట్టె పాడైతే కొత్తది కొనవచ్చు, చెవిని కొనలేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకు సూచించినది 75 డెసిబెల్లు. ధ్వని 3 డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ వినదగిన కాలం సగానికి తగ్గుతుంది. మీ లెక్క ఇలా ఉంటుంది: 75 డెసిబెల్లకు 40 గంటలు, 78కి 20 గంటలు, 81కి 10 గంటలు, 84కి 5 గంటలు. బస్సులో రొద ఎక్కువగా ఉన్నదని మీట తిప్పుతూ పోతే, వారానికి సరిపడే వినికిడి ఒక్క ప్రయాణంలోనే ముగిసిపోవచ్చు.

వారంలో ఎంత ధ్వని విన్నామో కొలిచి హెచ్చరించే సదుపాయం కొన్ని పరికరాలలో "ఇప్పటికే మొదలైనది". 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక రకం ఇయర్‌ఫోన్లను వినికిడి కొంత తగ్గిన పెద్దలు సహాయక యంత్రంగా వాడుకొనడానికి అనుమతించింది. రేపటి పరికరం మన రెండు చెవులనూ పరీక్షించి, ఎవరి చెవికి తగినట్లు వారికి పాటను వినిపించగలదని ఊహించవచ్చు. అప్పుడు అదే పెట్టె మనవడికి పాటలు వినిపిస్తుంది, తాతగారికి మనవడి మాట వినిపిస్తుంది.

ఏది వినాలి, ఏది వద్దు

చెరువులో రెండు అలలు ఎదురైనప్పుడు, ఒకదాని ఎత్తు మరొకదాని పల్లంతో కలిస్తే నీరు సమమవుతుంది. ధ్వని కూడా అలలే. బయటి రొదను మైకుతో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన అలను చెవిలోకి పంపితే రొద అణగిపోతుంది. నేటి ఇయర్‌ఫోన్లలో ఈ సదుపాయం ఉంది.

మిగిలిన ఇబ్బంది ఏమిటంటే, రొదతో పాటు వినవలసినది కూడా తగ్గిపోవచ్చు. రోడ్డు దాటేటప్పుడు మోటారు హారను వినబడాలి. అమ్మ పిలిస్తే వినబడాలి. రేపటి పరికరం ధ్వనులను గుర్తుపట్టి, ఇంజను రొదను ఆపి, అమ్మ పిలుపును లోపలికి రానిస్తుందని ఊహిద్దాం. ఇది "కొద్ది కాలంలో రాదగినది". ఇందాక గుర్తుంచుకోమన్న నారింజ మీట జ్ఞాపకం ఉన్నదా? 1979లో వ్రేలితో నొక్కి చేసిన పనినే రేపటి యంత్రం తానే గ్రహించి చేస్తుంది. కొత్త ఊహలలో పాత ఊహలు ఇలా మళ్లీ పుడుతుంటాయి.

పాట ఎవరిది?

పూర్వం క్యాసెట్టు కొంటే అది మన సొంతం. పక్కింటివారికి ఇవ్వవచ్చు, ముప్పై ఏళ్లు బీరువాలో దాచవచ్చు. నేడు చాలామంది నెలనెలా రుసుము చెల్లించి ఇంటర్నెట్టు ద్వారా పాటలు వింటున్నారు. కోట్ల పాటలు అందుబాటులో ఉండడం గొప్ప సౌకర్యమే. కాని రుసుము ఆగితే పాటలు ఆగుతాయి. సంకేతాలు అందని చోట, ముందుగా దించుకొని ఉంచకపోతే, పెట్టె మూగబోతుంది. ఆ సంస్థ ఒక పాటను తీసివేస్తే అది మనకూ లేనట్లే. కాబట్టి రేపటి పరికరంలో ఉండదగిన గుణం, మనకు ముఖ్యమైన వాటిని మన దగ్గరే భద్రంగా నిలుపుకోగలగడం. ఇది శాస్త్రానికి కష్టం కాదు, అడిగేవారు ఉండాలి.

తెలుగు అర్థమవుతుందా?

ఇప్పుడు మనకు అతి దగ్గరి ప్రశ్న. మనం తెలుగులో అడిగితే రేపటి పెట్టె గ్రహిస్తుందా?

ఒకప్పుడు అనేక పరికరాలలో తెలుగు పాట పేరు వ్రాస్తే తెర మీద ఖాళీ గళ్లు మాత్రమే కనబడేవి. ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడినప్పుడు అందులో తెలుగు లిపికి కూడా స్థానం లభించింది. ఆ తరువాత క్రమంగా పరికరాలు తెలుగును చూపడం నేర్చుకున్నాయి. కన్ను గడప దాటింది, ఇప్పుడు చెవి దాటవలసి ఉంది.

యంత్రం మాటను ఎలా నేర్చుకుంటుంది? అనేకమంది మాట్లాడిన ధ్వనులను, వాటి వ్రాతరూపాలను కలిపి యంత్రానికి అందిస్తారు. ఏ ధ్వనికి ఏ మాటో అది పోల్చి నేర్చుకుంటుంది. ఎవరి మాటలు ఎక్కువగా విన్నదో వారి మాటలే దానికి బాగా అర్థమవుతాయి. వార్తలు చదివేవారి తెలుగు దానికి సులువు కావచ్చు. మరి మన ఇళ్లలోని తెలుగు?

మలేసియాలోని తెలుగు కుటుంబాలలో చాలామంది పూర్వులు ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుండి ఇక్కడి తోటలలో పనికి వచ్చారు. వారితో వచ్చిన మాటలు ఇంకా కొందరు తాతల, మామ్మల నోట నిలిచి ఉన్నాయి. "ఏమిటి" అనడానికి "ఏటి" అంటారు, "త్వరగా" అనడానికి "బేగి" అంటారు. వాటి నడుమ మలయ్ మాటలూ కలిశాయి. మామ్మ "పసార్‌కి పోయి బేగి రా" అంటే మనకు అర్థమవుతుంది. అటువంటి మాటను ఎన్నడూ వినని యంత్రం తడబడుతుంది. అది మామ్మ తప్పు కాదు, యంత్రానికి నేర్పినవారి దగ్గర అటువంటి గొంతు లేకపోవడమే కారణం.

అందువల్ల ఈ ఒక్క గుణం మాత్రం ఏ కర్మాగారంలోనూ తనంతట తాను తయారుకాదు. మాట్లాడేవారు మాట్లాడి, వ్రాయగలిగినవారు వ్రాసి ఉంచితేనే పుడుతుంది. తెలుగు చదవడం, వ్రాయడం నేర్చుకుంటున్న మీరు ఆ పనికి తగినవారు.

పెట్టెలో ఏముంది?

ఇంతవరకు ఊహించిన గుణాలను ఒకచోట చేర్చుదాం. రేపటి పాటల పెట్టె చెవిలో ఇమిడేటంత చిన్నది కావచ్చు, బొమ్మలు చూడాలంటే కళ్లద్దాలలోనో మడిచే తెర మీదనో చూపవచ్చు. మన చెవిని కాపాడుతుంది. రొదను ఆపి పిలుపును వినిపిస్తుంది. బ్యాటరీ మార్చుకొనేలా ఉంటుంది. మనవి మన దగ్గరే నిలుపుతుంది. మన తెలుగును గ్రహిస్తుంది.

అయినా ఒక సంగతి ఎన్నటికీ మారదు. ఎంత గొప్ప పెట్టె అయినా తనలో ఉంచినదానినే వినిపిస్తుంది. సినిమా పాటలను దాచడానికి పెద్ద సంస్థలు ఉన్నాయి. మామ్మ పాడే జోలపాటను, తాతగారు చెప్పే తోట కథను దాచడానికి ఏ సంస్థా లేదు. అవి గాలిలో కలిసిపోకముందే పట్టుకోవాలి. దానికి రేపటి పరికరం వరకు ఆగనవసరం లేదు. ఎడిసన్‌కు లేని సాధనం నేడు ప్రతి ఇంటిలోనూ ఉంది.

చేసి చూడండి

1. 81 డెసిబెల్ల ధ్వనిని పిల్లలు వారానికి ఎన్ని గంటలు వినవచ్చు? 87 డెసిబెల్లయితే ఎన్ని గంటలు?

2. మీరు ఊహించిన పాటల పెట్టె బొమ్మ గీయండి. దానిలోని మూడు గుణాలు వ్రాసి, ఒక్కొక్కటి నేటి ఏ ఇబ్బందిని తొలగిస్తుందో తెలపండి. అది ఇప్పటికే మొదలైనదా, కొద్ది కాలంలో రాదగినదా, ఇంకా దూరంలో ఉన్నదా అనేది కూడా వ్రాయండి.

3. మీ ఇంటిలోని పెద్దవారి అనుమతి తీసుకొని, వారి పాటనో కథనో పది నిమిషాలు రికార్డు చేయండి. మొదట వారి పేరు, ఊరు, తేదీ చెప్పించండి. తరువాత విన్నది విన్నట్లు తెలుగులో వ్రాయండి. అర్థం కాని మాటలను మార్చకుండా అలాగే వ్రాసి, వాటి అర్థాలను వారినే అడిగి తెలుసుకోండి.